ధర్మాజ్ఞల గ్రంథకర్త మూసా బిన్ మైమూన్

యూదజాతి చరిత్రలో హజ్రత్ మూసా (అలైహిస్సలాం) తరువాత మూసా అనే పేరు గల మరొకరికి అంతటి గౌరవం దక్కిందంటే, అది పన్నెండవ శతాబ్దపు విద్వాంసుడు మూసా బిన్ మైమూన్‌కే దక్కింది. ఐరోపావారు ఆయనను మైమోనిడీజ్ అంటారు. యూదులు పేరులోని తొలి అక్షరాలను కూర్చి రంబం అని పిలుచుకుంటారు. అరబ్బు చరిత్రకారులకు ఆయన అబూ ఇమ్రాన్ మూసా బిన్ మైమూన్ అల్ ఖుర్తుబీ. ఆయన హీబ్రూలో ప్రార్థించాడు, అరబీలో ఆలోచించాడు, గ్రీకుల తత్త్వశాస్త్రాన్ని అరబీ అనువాదాల ద్వారా చదివాడు. ఆయన గ్రంథాలను ముస్లిములు, క్రైస్తవులు సైతం చదివారు.

అయితే ఈ మహావిద్వాంసుని జీవితాన్ని కేవలం పాండిత్య చరిత్రగా చెప్పి ఊరుకోవడం న్యాయం కాదు. అందులో రెండు ప్రశ్నలున్నవి. కత్తి భయంతో పలికించిన విశ్వాసపు మాటకు ధర్మశాస్త్రంలో విలువ ఉన్నదా? ఒక జాతి ధర్మశాస్త్రాన్ని మరొక జాతి భాషలో చెప్పవచ్చునా, చెబితే ఏమి మిగులుతుంది, ఏమి పోతుంది? మొదటి ప్రశ్న ఖాజీ ముందుకు వచ్చింది. రెండవది అనువాదకుని ముందుకు వచ్చింది. రెండింటికీ వచ్చిన సమాధానాలు ఒకదానికొకటి ఎంత దగ్గరివో చరిత్రను క్రమంగా చూస్తే తెలుస్తుంది.

అరబీ భాషలో తౌరాత్

మూసా బిన్ మైమూన్‌కు ముందే ఒక మార్గం ఏర్పడి ఉన్నది. ఇస్లామీయ రాజ్యం విస్తరించిన తరువాత ఇరాఖ్ నుండి అందలూసియా దాకా నివసించిన యూదులలో అత్యధికులకు అరబీయే ఇంటి భాష, అంగడి భాష అయింది. వారు అరబీని హీబ్రూ లిపిలో వ్రాసుకునేవారు. మాట అరబీ, అక్షరం హీబ్రూ.

ఈ మార్గంలో తొలి మహాపురుషుడు ఈజిప్టులోని ఫయ్యూమ్ ప్రాంతంలో 882లో జన్మించిన సాదియా బిన్ యూసుఫ్. అరబ్బులు ఆయనను సయీద్ అల్ ఫయ్యూమీ అన్నారు. 928లో ఆయన ఇరాఖ్‌లోని సూరా విద్యాపీఠానికి అధిపతి అయినాడు. ఆ పదవిని గావోన్ అంటారు. యూదుల గ్రంథాన్ని ఆయన అరబీలోకి అనువదించి, దానికి తఫ్సీర్ అనే పేరే పెట్టాడు. దేవునికి అల్లాహ్ అనే పదాన్నే వాడాడు. యాజకుని ఇమామ్ అన్నాడు. తమ ధర్మశాస్త్రాన్ని షరీఅత్ అనడానికి వెనుదీయలేదు. ఇవి ఇస్లాం నుండి అరువు తెచ్చుకున్న అలంకారాలు కావు. ఆ నాటి అరబీ మాట్లాడే యూదుడు ఇంట్లో వాడుకునే మాటలే ఇవి. చరిత్రకారుడు మస్ఊదీ, గ్రంథసూచిక కూర్చిన ఇబ్న్ నదీమ్ ఇద్దరూ సాదియాను తమ గ్రంథాలలో పేర్కొన్నారు.

933లో ఆయన విశ్వాసాలను గూర్చి అరబీలో వ్రాసిన గ్రంథంలో ధర్మాజ్ఞలను రెండు తరగతులుగా విభజించాడు. హత్య, దొంగతనం, అబద్ధం వంటి వాటి నిషేధం బుద్ధికే తెలుస్తుంది. ఇవి అఖ్లియాత్. సబ్బాతు దినం, ఆహార నియమాలు వంటివి దైవవాణి వినిపిస్తేనే తెలుస్తాయి. ఇవి సమ్ఇయ్యాత్. ముఅతజిలా పండితుల వాదాలతో పరిచయం ఉన్నవారికి ఈ మాటలు ఎక్కడివో వేరే చెప్పనక్కరలేదు. సాదియా 942లో మరణించాడు. ఆయన లేవదీసిన ప్రశ్న మాత్రం మరణించలేదు. ఆజ్ఞలకు హేతువు ఉన్నదా, ఉంటే మనిషి దానిని వెదకవచ్చునా అనేదే ఆ ప్రశ్న. రెండు శతాబ్దాల తరువాత దానిని చేపట్టినవాడే మూసా బిన్ మైమూన్.

ఖుర్తుబా నుండి ఫుస్తాత్‌కు

ఆయన 1138లో ఖుర్తుబా నగరంలో జన్మించాడు. కొన్ని పాత గ్రంథాలలో 1135 అని ఉన్నది. తండ్రి మైమూన్ యూదుల న్యాయాధికారి. అదే నగరంలో కొద్ది సంవత్సరాలకు ముందు, 1126లో, ఇబ్న్ రుష్ద్ జన్మించాడు. ఖుర్తుబా అంటే అప్పటికింకా గ్రంథాలయాల నగరమే.

1148లో మువహ్హిదీన్లు ఖుర్తుబాను ఆక్రమించారు. ఇబ్న్ తూమర్త్ స్థాపించిన ఉద్యమమిది. ఆయన వారసుడు అబ్దుల్ ముమిన్ దానిని సామ్రాజ్యంగా మలిచాడు. తౌహీద్ పేరుతోనే లేచిన ఈ వంశం గ్రంథప్రజలకు షరీఅత్ ఇచ్చిన రక్షణను రద్దు చేసింది. మతం మారండి, లేదా దేశం విడవండి, లేదా చావుకు సిద్ధపడండి అనేది యూదుల ఎదుట, క్రైస్తవుల ఎదుట వారు పెట్టిన షరతు. దివ్య ఖుర్ఆన్‌లోని అల్ బఖరా అధ్యాయం 256వ ఆయతు ధర్మం విషయంలో బలవంతాన్ని నిరాకరించింది. జిమ్మీల హక్కులను ఫిఖహ్ గ్రంథాలు వివరంగా వ్రాసి ఉంచినవి. అవన్నీ ఉండగానే ఇది జరిగింది. ఈ వాస్తవాన్ని దాచిపెట్టవలసిన అవసరం లేదు. పాలకుని తప్పును ధర్మం నెత్తిన మోపడం ఎంత అన్యాయమో, ధర్మం పేరు చెప్పి పాలకుని తప్పును కప్పిపుచ్చడం అంతే అన్యాయం.

మైమూన్ కుటుంబం ఖుర్తుబాను విడిచి ఏళ్ళ తరబడి తిరిగింది. సుమారు 1160లో మరాకష్ దేశంలోని ఫాస్ నగరం చేరింది. అది కూడా మువహ్హిదీన్ల రాజ్యమే. 1165లో ఓడ ఎక్కి అక్కా రేవుకు వెళ్ళి, యెరూషలేమును, అల్ ఖలీల్‌ను దర్శించి, చివరకు ఈజిప్టులోని ఫుస్తాత్‌లో స్థిరపడింది. అందలూసియాలో ముస్లిం పాలకుల వలన ఇల్లు పోగొట్టుకున్న కుటుంబానికి ఈజిప్టులో మరొక ముస్లిం రాజ్యం ఇల్లు చూపింది. రెండూ చరిత్రే. ఒకటి చెప్పి ఒకటి దాచితే అది చరిత్ర కాదు.

ఫుస్తాత్‌లో కుటుంబ భారం తమ్ముడు దావూద్ మోశాడు. అతడు రత్నాల వర్తకుడు. అన్నగారు గ్రంథరచనలో మునిగి ఉండేవాడు. ఎర్ర సముద్రతీరంలోని అయ్‌జాబ్ రేవు నుండి దావూద్ అన్నకు వ్రాసిన ఉత్తరం ఒకటి నేటికీ మిగిలి ఉన్నది. ఎడారి దాటడంలో పడ్డ కష్టాలు చెప్పి, రేవులో నీలిమందు తప్ప కొనదగిన సరుకు దొరకలేదనీ, అందుచేత హిందూదేశానికే పోతున్నాననీ అందులో తెలిపాడు. ఆ రోజులలో ఈజిప్టు యూద వర్తకులకు మన పశ్చిమ తీరం కొత్త కాదు. అబ్రహాం బిన్ యిజూ అనే వర్తకుడు అప్పటికి కొద్ది దశాబ్దాలకు ముందే మంగళూరులో ఏళ్ళ తరబడి కాపురముండి కంచు సామానుల కార్ఖానా నడిపాడు.

కాని దావూద్ హిందూ సముద్రంలో మునిగిపోయాడు. అతనితోపాటు తన సొమ్ము, అన్న సొమ్ము, ఇతరుల సొమ్ము కూడా పోయింది. భార్య, చిన్న కూతురు మిగిలారు. ఈ వార్త విని మూసా ఒక సంవత్సరం పాటు జ్వరంతో, మనోవ్యాధితో మంచం పట్టాడు. సుమారు ఎనిమిదేళ్ళ తరువాత అక్కాలోని మిత్రునికి వ్రాసిన ఉత్తరంలో కూడా ఆ దుఃఖం తీరలేదని చెప్పుకున్నాడు. తమ్ముని చేతివ్రాత కనబడితే చాలు, గుండె కలుక్కుమనేదట.

ఇక్కడ ఆయన నడవడి గమనించదగినది. ధర్మవిద్యను అమ్ముకొని బ్రతకడం తప్పని ఆయన సిద్ధాంతం. పండితుడు సంఘం మీద పడి తినరాదని తన గ్రంథాలలో గట్టిగా వ్రాశాడు. సంపాదించే తమ్ముడు పోయిన తరువాత కూడా ఆ మాట మీదనే నిలబడి, వైద్యవృత్తి చేపట్టాడు. ఈ వృత్తిలోనే సలాహుద్దీన్ అయ్యూబీ మంత్రి అల్ ఖాజీ అల్ ఫాజిల్ ఆశ్రయం, తరువాత సలాహుద్దీన్ పెద్ద కుమారుడు అల్ అఫ్‌జల్ ఆశ్రయం లభించినవి. ఈజిప్టు యూదుల నాయకత్వం కూడా ఆయనకు దక్కింది. 1168లో ఫిరంగి రాజు అమాల్రిక్ బిల్‌బైస్ పట్టణాన్ని కొల్లగొట్టి జనాన్ని బందీలుగా పట్టుకుపోయినప్పుడు, బందీలను విడిపించడానికి ఊరూరా చందాలు కోరుతూ ఆయన వ్రాసిన లేఖలున్నవి.

ఆరువందల పదమూడు

యూద సంప్రదాయంలో ధర్మాజ్ఞలు 613 అని ప్రసిద్ధి. మూడవ శతాబ్దపు రబ్బీ సిమ్లాయ్ ప్రవచనంగా ఈ సంఖ్య తల్మూద్‌లో నిలిచింది. చేయవలసినవి 248. ఇది మనిషి శరీరంలోని అవయవాల సంఖ్య అని ఆ నాటి లెక్క. చేయకూడనివి 365. ఇది సూర్యమానపు సంవత్సరంలోని దినాల సంఖ్య. ప్రతి అవయవం ఒక పని చేయమంటున్నదనీ, ప్రతి దినం ఒక తప్పు చేయవద్దంటున్నదనీ దీని భావం.

సంఖ్య ఉన్నది గాని జాబితా లేదు. ఏ ఆజ్ఞలు కలిపితే 613 అవుతాయో తల్మూద్ చెప్పలేదు. తొమ్మిదవ శతాబ్దంలో ఒక గ్రంథకర్త లెక్క కట్టాడు. తరువాతి వారు, కవులు సైతం, దానిని అనుసరించారు. ఇబ్న్ మైమూన్‌కు ఆ లెక్క నచ్చలేదు. ధర్మశాస్త్రమంతటినీ ఒకచోట కూర్చే మహాగ్రంథానికి పూనుకోబోతూ, ఏదీ జారిపోకుండా ముందుగా ఆజ్ఞల పట్టిక తయారు చేసుకోవాలనుకున్నాడు. అలా సుమారు 1170 నాటికి అరబీలో ధర్మాజ్ఞల గ్రంథం వెలువడింది. దాని అరబీ పేరు కితాబుల్ ఫరాయిజ్. హీబ్రూలో సెఫెర్ హమిత్స్వోత్.

ఈ గ్రంథానికి ప్రాణం పట్టికలో కంటె పీఠికలో ఉన్నది. లెక్కించే ముందు ఆయన పద్నాలుగు సూత్రాలు నిర్ణయించాడు. రబ్బీలు తరువాత విధించిన నియమాలను మూలాజ్ఞలలో చేర్చరాదు. గ్రంథవాక్యం నుండి తర్కం ద్వారా రాబట్టిన వాటిని ప్రత్యేక ఆజ్ఞలుగా లెక్కించరాదు. ఒక కాలానికే, ఒక సందర్భానికే ఇచ్చిన ఆదేశాన్ని శాశ్వతాజ్ఞగా భావించరాదు. ధర్మమంతటినీ పాటించమనే సామాన్య వాక్యాన్ని విడి ఆజ్ఞగా ఎంచరాదు. ఆజ్ఞకు చెప్పిన కారణాన్ని మరొక ఆజ్ఞగా లెక్కించరాదు. నస్స్‌కూ ఖియాస్‌కూ గల తేడాను, సామాన్యానికీ విశేషానికీ గల తేడాను ఉసూలె ఫిఖహ్ పాఠాలలో నేర్చుకున్నవారికి ఈ పద్ధతి సుపరిచితంగా కనబడుతుంది. ఆయన దానిని తమ పూర్వీకుల సంప్రదాయం మీదనే నిలబెట్టాడు. అయితే ముందు సూత్రాలు నిర్ణయించుకొని పిమ్మట శాఖలలోకి దిగే ఆ క్రమశిక్షణ అరబీ విద్యాప్రపంచపు గాలి పీల్చినవాని క్రమశిక్షణ.

మొదటి ఆజ్ఞగా ఆయన దేవుడున్నాడని తెలుసుకోవడాన్ని, రెండవదిగా ఆయన ఏకత్వాన్ని ఉంచాడు. దీనిమీదనే వాదం లేచింది. పదమూడవ శతాబ్దంలో స్పెయిన్‌కు చెందిన మూసా బిన్ నహ్మాన్, రాజు ఉన్నాడని ఒప్పుకున్న తరువాతనే గదా రాజాజ్ఞ అనేది ఉంటుందన్న తర్కాన్ని ముందుకు తెచ్చాడు. విశ్వాసం ఆజ్ఞలకు పునాది, అది ఆజ్ఞలలో ఒకటి ఎలా అవుతుందని ఈ వాదం సారాంశం. అఖీదాకూ అమల్‌కూ గల సంబంధం గూర్చి మన విద్వాంసులలో నడిచిన చర్చలు చదివినవారు ఈ ప్రశ్న బరువును సులభంగా గ్రహిస్తారు. తర్కం ద్వారా రాబట్టిన ఆజ్ఞలను లెక్క నుండి తొలగించడాన్ని కూడా బిన్ నహ్మాన్ తీవ్రంగా ఖండించాడు. అయినా పెద్దాయన పట్ల గౌరవం విడువలేదు.

మరొక సంగతి చెప్పుకోవాలి. 613 ఆజ్ఞలు ఏ ఒక్క మనిషి మీదా ఒక్కసారిగా పడవు. కొన్ని యాజకులకు, కొన్ని రాజుకు, కొన్ని పొలమున్నవానికి. 70వ సంవత్సరంలో రోమన్లు యెరూషలేము దేవాలయాన్ని ధ్వంసం చేసిన తరువాత బలుల ఆజ్ఞలకు ఆచరణ లేకుండా పోయింది. చేయవలసిన 248లో ప్రతి పురుషునికీ ఎల్లవేళలా తప్పనిసరి అయినవి 60 మాత్రమే అనీ, వాటిలో 46 స్త్రీలకు కూడా వర్తిస్తాయనీ ఇబ్న్ మైమూన్ లెక్క తేల్చాడు. ఐనప్పటికీ ఆచరణ లేని ఆజ్ఞలను ఆయన విడిచిపెట్టలేదు. తరువాత హీబ్రూలో వ్రాసిన పద్నాలుగు సంపుటాల మిష్నే తోరాలో దేవాలయ విధులను, బలులను, రాజధర్మాన్ని కూడా పూర్తిగా చేర్చాడు.

ఆ మహాగ్రంథంలో దానధర్మానికి ఆయన కట్టిన ఎనిమిది మెట్లు లోకప్రసిద్ధం. గొణుగుతూ ఇవ్వడం అట్టడుగు మెట్టు. ఇచ్చినవాడెవరో పుచ్చుకున్నవానికి, పుచ్చుకున్నవాడెవరో ఇచ్చినవానికి తెలియకుండా ఇవ్వడం చాలా పైమెట్టు. అన్నిటికంటె పైది, పడిపోబోయే మనిషికి అప్పో, భాగస్వామ్యమో, పనో ఇచ్చి, చేయి చాపవలసిన అవసరమే లేకుండా నిలబెట్టడం. గుప్తదానానికి ఇస్లాం ఇచ్చిన స్థానం ఎరిగిన పాఠకులకు ఈ మాటలు పరాయివిగా అనిపించవు.

ఆజ్ఞ వెనుక హేతువు

సుమారు 1190లో ఆయన దలాలతుల్ హాయిరీన్ అనే తత్త్వగ్రంథం అరబీలో ముగించాడు. దారి తెలియక తికమకపడేవారికి మార్గదర్శి అని ఆ పేరుకు అర్థం. ధర్మాన్ని నమ్మి, తత్త్వశాస్త్రం చదివి, రెంటికీ పొత్తు కుదరక సతమతమవుతున్న తన శిష్యుడు యూసుఫ్ కోసం దీనిని వ్రాశాడు. మూడవ భాగంలో ఆజ్ఞల హేతువులను చర్చించాడు. దేవుని ప్రతి ఆజ్ఞకూ ప్రయోజనం ఉన్నదనీ, అది దేహక్షేమమో ఆత్మక్షేమమో అయి ఉంటుందనీ ఆయన వాదం. బలుల విషయంలో ఇంకా ముందుకు పోయి, విగ్రహారాధనకు అలవాటుపడిన జనాన్ని ఒక్కసారిగా మళ్ళించడం మనిషి స్వభావానికి విరుద్ధం గనుక, పాత ఆచారాన్ని ఉంచి దాని గమ్యాన్ని మార్చడం జరిగిందని వివరించాడు. ఈ వివరణ అనేకులకు మింగుడు పడలేదు. బలి కేవలం ఒక రాయితీయేనా అని బిన్ నహ్మాన్ అడిగాడు. 1230ల ప్రాంతంలో దక్షిణ ఫ్రాన్సు యూద సంఘాలు ఈ గ్రంథం విషయమై రెండుగా చీలిపోయి ఒకరినొకరు వెలివేసుకునే దాకా వచ్చినవి.

ఖాజీ తీర్పు

ఇప్పుడు మొదటి ప్రశ్నకు రావాలి. మువహ్హిదీన్ల రాజ్యంలో ఉన్న కాలంలో ఇబ్న్ మైమూన్ ప్రాణభీతితో పైకి ముస్లింగా ప్రవర్తించాడని అరబ్బు చరిత్రకారుడు ఇబ్న్ అల్ ఖిఫ్తీ వ్రాశాడు. ఈయన ఇబ్న్ మైమూన్ శిష్యుడైన యూసుఫ్‌కు మిత్రుడు. ఆధునిక పరిశోధకులలో కొందరు ఈ కథనాన్ని అంగీకరిస్తారు, కొందరు సందేహిస్తారు. ఆ రోజులలోనే బలవంతపు మతమార్పిడికి లోనైన యూదులను ఓదారుస్తూ వెలువడిన ఒక లేఖ ఆయన పేరుతో ప్రచారంలో ఉన్నది. నోటితో ఒక మాట పలికి ప్రాణం కాపాడుకున్నవాడు ధర్మభ్రష్టుడు కాడనీ, వీలైనంత త్వరగా అటువంటి దేశం విడిచిపోవాలనీ ఆ లేఖ సారాంశం.

ఇబ్న్ అల్ ఖిఫ్తీ కథనం ఇంకా ఇలా సాగుతుంది. అందలూసియా నుండి ఈజిప్టు వచ్చిన ఒక ఫఖీహ్, ఇతడు ఒకప్పుడు ముస్లిం, ఇప్పుడు మతభ్రష్టుడైనాడు అని ఇబ్న్ మైమూన్ మీద అభియోగం మోపాడు. అభియోగం రుజువైతే శిక్ష మరణమే. సంగతి అల్ ఖాజీ అల్ ఫాజిల్ దాకా వచ్చింది. బలవంతానికి లోబడినవాని ఇస్లాం ధర్మశాస్త్ర రీత్యా చెల్లదు, చెల్లని దానిని విడిచిపెట్టడం మతభ్రష్టత్వం కాదు అని ఆయన అభియోగాన్ని తోసిపుచ్చాడు.

ఈ తీర్పు ఒక వైద్యుని ప్రాణం కాపాడిన దయ మాత్రమే కాదు, ధర్మశాస్త్రానికి జరిగిన న్యాయం. సాక్ష్యవాక్యం పలికినవాని నాలుకను కాక అతని సంకల్పాన్ని చూసింది. మువహ్హిదీన్లు మాటను పట్టుకున్నారు, ఖాజీ అర్థాన్ని పట్టుకున్నాడు.

ఇబ్న్ మైమూన్ ఇస్లాంను గూర్చి అన్నీ మంచి మాటలే వ్రాశాడని చెప్పడం సత్యం కాదు. 1172లో యమన్ దేశపు యూదులకు వ్రాసిన లేఖలో కటువైన మాటలున్నవి. అక్కడ అబ్దున్నబీ బిన్ మహదీ అనే పాలకుడు వారిని మతం మారమని హింసిస్తుండగా, మరొక వైపు తానే రక్షకుడినని ఒకడు బయలుదేరి వారిని మోసపుచ్చుతుండగా వ్రాసిన లేఖ అది. హింసకు గురైన జనానికి ధైర్యం చెప్పే మాటలో వేడి ఉంటుంది. అయితే అదే మనిషి, ముస్లిములు విగ్రహారాధకులా అని ఒబదియా అనే నూతన విశ్వాసి అడిగినప్పుడు, ఎంతమాత్రం కారనీ, దేవుని ఏకత్వం విషయంలో వారి విశ్వాసంలో లోపం లేదనీ స్పష్టంగా జవాబిచ్చాడు. ఈ ప్రశ్న వేసినందుకు ఆ మనిషిని మూర్ఖుడన్న గురువును మందలించాడు. వారు మనల్ని గూర్చి అబద్ధమాడితే మనం వారిని గూర్చి అబద్ధమాడవచ్చుననే న్యాయాన్ని ఆయన ఒప్పుకోలేదు. ఇతరుల ధర్మాన్ని గూర్చి వ్రాయబూనేవారందరూ గుర్తుంచుకోదగిన నియమమిది.

అనువాదకునికి లేఖ

ఇక రెండవ ప్రశ్న. ఫ్రాన్సు దక్షిణాన లునేల్ అనే ఊరిలో అరబీ రాని యూద పండితులు దలాలతుల్ హాయిరీన్ కోసం ఎదురుచూస్తున్నారు. దాని హీబ్రూ అనువాదానికి సామ్యూల్ బిన్ తిబ్బోన్ పూనుకున్నాడు. ఆయన తండ్రి కూడా అనువాదకుడే, సాదియా విశ్వాసగ్రంథాన్ని 1186లో హీబ్రూ చేసినవాడు. సందేహాలు తీర్చుకోవడానికి స్వయంగా ఈజిప్టు వస్తానని సామ్యూల్ వ్రాశాడు.

1199లో వచ్చిన జవాబులో ఇబ్న్ మైమూన్ తన దినచర్య చెప్పాడు. తాను ఫుస్తాత్‌లో ఉంటాడు, సుల్తాన్ ఖాహిరాలో ఉంటాడు. ప్రతి ఉదయం అక్కడికి పోవాలి. ఏ ఆటంకం లేకపోయినా తిరిగి వచ్చేసరికి మధ్యాహ్నం దాటుతుంది. ఆకలితో ఇల్లు చేరితే వసారా నిండా రోగులు, యూదులు, యూదేతరులు, పెద్దలు, సామాన్యులు. కొంచెం ఎంగిలిపడి, రాత్రి దాకా వారికి మందులు వ్రాయాలి. చివరకు అలసి వెల్లకిలా పడుకొనే మాట్లాడవలసి వస్తుంది. నీవు ఇంత దూరం వచ్చినా నాతో ఒక గంట ఏకాంతంగా కూర్చోలేవు అని దీని భావం.

అదే లేఖలో అనువాద ధర్మం చెప్పాడు. మాటకు మాట పెట్టి, మూలంలోని వాక్యక్రమాన్నే నిలపాలని చూసేవాని పని సందేహాలతో, పొరపాట్లతో నిండిపోతుంది. అనువాదకుడు ముందు విషయాన్ని గ్రహించాలి. తరువాత దానిని తన భాషలో ఆ భాష పద్ధతిలో చెప్పాలి. అందుకోసం మాటలను ముందువెనుకలు చేయవచ్చు, ఒక మాటను పలు మాటలుగా, పలు మాటలను ఒకటిగా చేయవచ్చు. ఇందుకు ఉదాహరణగా ఆయన చూపినది తొమ్మిదవ శతాబ్దపు బగ్దాదులో గ్రీకు శాస్త్రాలను అరబీ చేసిన క్రైస్తవ విద్వాంసుడు హునైన్ బిన్ ఇస్‌హాఖ్‌ను. మాటకు మాట పద్ధతి చేటుకు ఉదాహరణ ఇబ్న్ అల్ బిత్రీఖ్. యూద పండితుడు, హీబ్రూ అనువాదకునికి, అబ్బాసీల రాజధానిలో పనిచేసిన క్రైస్తవుని ఆదర్శంగా చూపడం ఆ నాగరికత స్వరూపాన్ని ఒక్క వాక్యంలో చెబుతుంది.

సామ్యూల్ తన అనువాదం 1204 నవంబరు 30న ముగించాడు. అదే సంవత్సరం డిసెంబరు 13న ఫుస్తాత్‌లో ఇబ్న్ మైమూన్ మరణించాడు. హిజ్రీ సంవత్సరం 601. సంప్రదాయం ప్రకారం ఆయన సమాధి తిబెరియాలో ఉన్నది.

ధర్మాజ్ఞల గ్రంథం విషయంలో మాత్రం ఆయనకొక చింత మిగిలింది. అందరూ చదవవలసిన ఆ గ్రంథాన్ని అరబీలో వ్రాసినందుకు తరువాత బాధపడ్డాడు. తానే హీబ్రూలోకి మార్చాలనుకున్నాడు గాని తీరిక చిక్కలేదు. ఆ పని పదమూడవ శతాబ్దంలో సామ్యూల్ కుమారుడు మూసా బిన్ తిబ్బోన్ చేసి పెట్టాడు. మరొక వైపు, బగ్దాదుకు చెందిన ఒక సామాన్య వర్తకుడు మిష్నే తోరాను అరబీలో వ్రాయమని కోరితే ఆయన ఒప్పుకోలేదు. హీబ్రూ నేర్చుకోమని ప్రోత్సహించాడు. ఆలోచన ఏ భాషలోనైనా నడవవచ్చు, ఆచరణకు పునాది అయిన ధర్మసూత్రం మాత్రం ధర్మభాషలో ఉండాలని ఆయన నిర్ణయం. అయితే ఆ భాష రానివానిని కూడా ఆయన చిన్నచూపు చూడలేదు. ఏ భాషలో చదివినా అర్థం గ్రహించినవాడే విద్యార్థి అని అదే వర్తకునికి ధైర్యం చెప్పాడు.

ముస్లిముల చేతిలో ఆయన గ్రంథం

1190లలో ఈజిప్టు వచ్చిన బగ్దాదు వైద్యుడు అబ్దుల్ లతీఫ్ ఇబ్న్ మైమూన్‌ను కలుసుకున్నాడు. ఆయన పాండిత్యాన్ని ఒప్పుకుంటూనే దలాలతుల్ హాయిరీన్‌ను తీవ్రంగా విమర్శించాడు. ధర్మాన్ని బాగుచేస్తాననుకుంటూ పాడుచేసే గ్రంథమని ఆయన అభిప్రాయం. హీబ్రూ లిపిలో తప్ప మరొక లిపిలో దీనిని వ్రాసేవారిని గ్రంథకర్త శపించాడని కూడా తెలిపాడు. కాని విమర్శ ఒకరిది, అధ్యయనం మరొకరిది. అదే పదమూడవ శతాబ్దంలో మహమ్మద్ బిన్ అబీ బక్ర్ తబ్రీజీ అనే ముస్లిం విద్వాంసుడు ఆ గ్రంథం రెండవ భాగపు మొదటనున్న ఇరవై అయిదు తాత్త్విక సూత్రాలకు అరబీలో వ్యాఖ్యానం వ్రాశాడు. ఆ వ్యాఖ్యానాన్ని యూదులు తిరిగి హీబ్రూలోకి అనువదించుకున్నారు. ఇబ్న్ మైమూన్ కుమారుడు ఇబ్రాహీం ఖాహిరా వైద్యశాలలో ఇబ్న్ అబీ ఉసైబిఅతో కలిసి పనిచేశాడు. సూఫీల సాధనలో పూర్వ ప్రవక్తల మార్గం నిలిచి ఉన్నదని తన అరబీ గ్రంథంలో వ్రాశాడు.

మూలం మాత్రం హీబ్రూ లిపిలోనే నిలిచిపోయింది. పారిస్‌లో సాలమన్ ముంక్ అనే పండితుడు వ్రాతప్రతులు పోల్చి, 1856 నుండి 1866 వరకు ఫ్రెంచి అనువాదంతో దానిని ప్రచురించాడు. అప్పటికే ఆయనకు చూపు పోయింది. ఇతరులు చదివి వినిపించగా పని ముగించాడు. 1896లో ఫుస్తాత్‌లోని బిన్ ఎజ్రా యూద ప్రార్థనాలయపు పాత కాగితాల గది నుండి సాలమన్ షెఖ్టర్ దాదాపు రెండు లక్షల తునకలను కేంబ్రిడ్జికి తరలించే పని మొదలుపెట్టాడు. ఇబ్న్ మైమూన్ స్వహస్తంతో వ్రాసిన ముక్కలు, తమ్ముడు దావూద్ ఉత్తరం, హిందూదేశపు వర్తకుల లెక్కలు అక్కడివే. చివరకు 1974లో తుర్కీ దేశపు అంకారా విశ్వవిద్యాలయంలో హుసేన్ ఆతాయ్ అనే ముస్లిం ధర్మశాస్త్ర ఆచార్యుడు దలాలతుల్ హాయిరీన్‌ను మొత్తం అరబీ లిపిలో ప్రచురించాడు. ఏ శాపానికీ జడవని ఆ పని వలన ఏడువందల ఎనభై ఏళ్ళకు పైగా తాళం పడి ఉన్న గ్రంథం అరబీ చదువరులందరికీ తెరచుకున్నది.

ఖాజీ అల్ ఫాజిల్ తీర్పునూ, అనువాదకునికి ఇబ్న్ మైమూన్ వ్రాసిన లేఖనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒకే సూత్రం కనబడుతుంది. మాట ఉండి అర్థం లేకపోతే అది విశ్వాసమూ కాదు, అనువాదమూ కాదు. మరొక జాతి ధర్మాన్ని గూర్చి చదివేటప్పుడు, వ్రాసేటప్పుడు, తీర్పు చెప్పేటప్పుడు ముందు గ్రహించాలి, పిమ్మట పలకాలి. మువహ్హిదీన్లు గ్రహించలేదు. అందుచేత ఖుర్తుబా ఒక గొప్ప పండితుని పోగొట్టుకున్నది. ఫుస్తాత్‌లో గ్రహించినవాడు ఒకడు ఉన్నాడు. అందుచేత ఆ పండితుడు మిగిలాడు, ఆయన గ్రంథాలు మిగిలినవి.